రెండువేల రూపాయల స్మార్ట్ వాచీ: కొన్నవాళ్లు, కొనబోయేవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

మాది మదనపల్లె. ఉద్యోగం బెంగళూరులో, కాపురం కుందలహళ్లిలో. స్మార్ట్ వాచీ కట్టడం మొదలుపెట్టి నాలుగేళ్లయింది, ఇప్పుడు నా చేతికున్నది రెండోది. నాన్నకొకటి, చెల్లెలికొకటి కొనిచ్చాను. ఆఫీసులోనూ, అపార్ట్‌మెంటులోనూ, ఊరి నుంచి వచ్చే ఫోన్లలోనూ మళ్లీ మళ్లీ అవే ప్రశ్నలు వస్తుంటే జవాబులన్నీ ఒకచోట రాసిపెట్టాను. ఇక్కడున్నదంతా పదిహేను వందల నుంచి మూడు వేల లోపు వాచీల సంగతి. ముప్పై వేల వాచీల లెక్క వేరు.

అంత తక్కువలో వచ్చేది నిజంగా పనికొస్తుందా?

పనికొస్తుంది, దాన్ని ఎంతవరకు నమ్మాలో తెలిస్తే. టైము, అలారం, ఎవరు ఫోన్ చేస్తున్నారు, మెసేజ్ ఏమొచ్చింది, ఇవాళ సుమారుగా ఎంత నడిచాం, వీటికి ఢోకా లేదు. కూర్చున్నప్పుడు చూసే గుండె వేగం కూడా ఫర్వాలేదు. బీపీ, షుగరు, ఒత్తిడి, కేలరీలు అంటూ చూపించే అంకెలను మాత్రం లెక్కలోకి తీసుకోకండి. కింద రాసిందంతా మరిచిపోయినా ఈ ఒక్క తేడా గుర్తుంటే నాకు చాలు.

ఫోన్ లేకుండా పనిచేస్తుందా? సిమ్ వేయొచ్చా?

ఈ ధరలో చాలావాటిలో సిమ్ ఉండదు. ఫోన్ ఇంట్లో పెట్టి వాకింగ్‌కి వెళ్తే అడుగులు, గుండె వేగం వాచీలోనే నమోదవుతాయి, ఇంటికొచ్చి యాప్ తెరిస్తే ఫోన్‌లోకి చేరతాయి. కాల్స్, మెసేజ్‌లు, వాతావరణం మాత్రం బ్లూటూత్ మీదుగా ఫోన్ నుంచి రావాల్సిందే. దాని అందుబాటు పది మీటర్లు, మధ్యలో గోడ అడ్డొస్తే ఇంకా తక్కువ. నడిచిన దారి మ్యాపు మీద చూసుకోవాలన్నా ఫోన్ జేబులో ఉండాలి, ఎందుకంటే ఈ ధరలో చాలావాటికి సొంత జీపీఎస్ ఉండదు. పెట్టె మీద జీపీఎస్ అని ఉంటే, అది వాచీలోనే ఉందా, ఫోన్‌ది వాడుకుంటుందా అని అడిగి కొనండి.

కొనేముందు ఏం చూడాలి?

బెంగళూరుకీ చేతి వాచీలకీ పాత చుట్టరికం. 1961లో జపాన్ సిటిజన్ కంపెనీ సాయంతో హెచ్‌ఎంటీ వాచీల తయారీ మొదలెట్టింది ఈ ఊళ్లోనే. 1984లో టాటాలూ తమిళనాడు ప్రభుత్వ సంస్థ టిడ్కో కలిసి పెట్టిన టైటాన్ కంపెనీ ఫ్యాక్టరీ పక్కనే హోసూరులో ఉంది. మా నాన్న పెళ్లి వాచీ కూడా హెచ్‌ఎంటీనే. అప్పట్లో చెవి దగ్గర పెట్టి టిక్కుటిక్కు విని, చేతికి కట్టి చూసి కొనేవాళ్లట. స్మార్ట్ వాచీనీ అలాగే కొనమంటాను. ఎస్పీ రోడ్డులోనో, మారతహళ్లిలోనో, మీ పక్క వీధి మొబైల్ షాపులోనో కట్టుకుని చూడండి. తర్వాత ఆన్‌లైన్‌లో తక్కువకు వస్తే అక్కడే తీసుకోండి.

షాపులో చేయాల్సిన మొదటి పని వాచీ పట్టుకుని బయట ఎండలోకి రావడం. లోపల ట్యూబులైట్ కింద అన్ని స్క్రీన్లూ మెరుస్తాయి. మధ్యాహ్నం పన్నెండింటికి రోడ్డు మీద టైము కనబడకపోతే అది మీ చేతికి బరువే తప్ప వాచీ కాదు. డబ్బు కలిసొస్తే అమోలెడ్ స్క్రీనున్నది తీసుకోండి. అందులో ప్రతి చుక్కా సొంతంగా వెలుగుతుంది, నల్లటి చోట కరెంటు ఖర్చవదు. మామూలు టీఎఫ్‌టీ స్క్రీనుకి, అది ఆన్‌లో ఉన్నంతసేపూ వెనక లైటు వెలుగుతూనే ఉండాలి.

తర్వాత స్ట్రాపు. 20 లేదా 22 మిల్లీమీటర్ల మామూలు స్ట్రాపు పట్టేదైతే, తెగినప్పుడు వందా రెండొందల్లో ఇంకోటి దొరుకుతుంది. కంపెనీ సొంత కొక్కేలున్న స్ట్రాపు తెగితే దాని కోసం వెతుక్కోవాలి.

ఫుట్‌పాత్‌ల మీద ఐదారొందలకు, ఖరీదైన వాచీని అచ్చుగుద్దినట్టుండేవి అమ్ముతారు. వాటి జోలికి వెళ్లకండి. అసలు వాచీ పెట్టె మీద భారత ప్రమాణాల సంస్థ బీఐఎస్ గుర్తుతో పాటు ‘ఆర్’తో మొదలయ్యే ఎనిమిదంకెల రిజిస్ట్రేషన్ నంబరు ఉంటుంది. స్మార్ట్ వాచీలకు అది తప్పనిసరి. బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ నంబరు కొట్టి చూస్తే ఎవరి పేరు మీదుందో తెలిసిపోతుంది.

తెలుగు మెసేజ్‌లు కనబడతాయా?

నాకు అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న ఇది. షాపువాళ్లు దీన్ని పట్టించుకోరు.

చవక వాచీలో అక్షరాలకిచ్చే మెమరీ చాలా చిన్నది. ఇంగ్లీషు తప్పకుండా ఉంటుంది, హిందీ తరచుగా ఉంటుంది, తెలుగు ఉంటే ఉంటుంది లేకపోతే లేదు. లేకపోతే వరసగా ఖాళీ డబ్బాలు కనిపిస్తాయి. ఉన్నా మన ఒత్తులు సరిగ్గా పడతాయన్న గ్యారంటీ లేదు. అక్షరం కింద అక్షరం కూర్చోబెట్టడం దానికో ప్రత్యేకమైన పని, ఆ పని చేసే ప్రోగ్రాం వాచీలో లేకపోతే ఒత్తు విడిపోయి పక్కన నిలబడుతుంది. నా మొదటి వాచీలో అమ్మ రోజూ పంపే ‘అన్నం తిన్నావా’ అనే మెసేజ్ ‘అన్‌నం తిన్‌నావా’ అని వచ్చేది. అర్థమయ్యేది కానీ, అమ్మ మాట అలా ముక్కలై కనిపించడం నాకు నచ్చలేదు. రెండోది కొన్నప్పుడు షాపులోనే నా ఫోన్‌కి వాచీ కలిపి, చెల్లెలి చేత ‘అమ్మమ్మ వచ్చింది, స్వీట్లు తెచ్చింది’ అని మెసేజ్ పెట్టించుకుని, ఒత్తులన్నీ కుదురుగా పడ్డాకే డబ్బులిచ్చాను. మీరూ అలాగే చేయండి. పేర్లు తెలుగులో సేవ్ చేసుకునే అలవాటుంటే ఒక కాల్ కూడా చేయించి చూడండి.

నోటిఫికేషన్లు మొదటి రెండు రోజులు వచ్చి తర్వాత ఆగిపోయాయి. వాచీ పాడైందా?

నూటికి తొంభై సార్లు తప్పు వాచీది కాదు, ఫోన్‌ది. బ్యాటరీ ఆదా చేయడానికి ఫోన్ వెనకాల నడిచే యాప్‌లను ఆపేస్తుంటుంది. వాచీ యాప్ ఆగిపోతే కబురు మోసేవాడే లేనట్టు. ఫోన్ సెట్టింగుల్లో ఆ యాప్‌కి నోటిఫికేషన్ యాక్సెస్ ఇవ్వండి, ఆటోస్టార్ట్ ఆన్ చేయండి, బ్యాటరీ దగ్గర ‘నో రెస్ట్రిక్షన్స్’ లేదా ‘అన్‌రెస్ట్రిక్టెడ్’ అని పెట్టండి. ఫోన్ అప్‌డేట్ అయినప్పుడల్లా ఇవి ఒకసారి సరిచూసుకోవాలి.

అలాగే అన్ని యాప్‌లకీ ఆన్ చేయొద్దు. కూరగాయల యాప్ ఆఫర్లకు కూడా చెయ్యి వణుకుతుంటే నాలుగో రోజు వాచీ తీసి డ్రాయర్‌లో పడేస్తారు. నాకు కాల్స్, వాట్సాప్, ఆఫీస్ క్యాలెండర్, ఈ మూడే వస్తాయి.

బ్లూటూత్ లిస్టులో వాచీ పేరు రెండుసార్లు కనిపిస్తోందేం?

ఒకటి అడుగులు, మెసేజ్‌లు మోసే కనెక్షన్, రెండోది కాల్ మాటలు మోసేది. మొదటిదాన్ని యాప్‌లోంచే కలపాలి, రెండోదాన్ని ఫోన్ బ్లూటూత్ సెట్టింగుల్లో. ఈ రెండోది కలిపాక ఫోన్‌లో పెట్టిన పాట చేతి మీద మోగడం మొదలవుతుంది. మీటింగ్‌లో ఇబ్బందవుతుంది కాబట్టి ఆ వాచీ పేరు పక్కనున్న గుర్తు నొక్కి ‘మీడియా ఆడియో’ ఆపేసి, ‘కాల్స్’ మాత్రం ఉంచండి.

వాచీలోంచి మాట్లాడితే అవతలివాళ్లకు వినిపిస్తుందా?

ఇంట్లో బాగానే వినిపిస్తుంది. చేతికి పిండి అంటుకున్నప్పుడు, పిల్లాడికి స్నానం పోస్తున్నప్పుడు ‘పది నిమిషాల్లో చేస్తా’ అని చెప్పడానికి భలే సుఖం. సిల్క్‌బోర్డ్ జంక్షన్‌లోనో, బీఎంటీసీ బస్సులోనో అయితే వినపడదు, పైగా మీ ఇంటి మాటలు బస్సంతా వింటుంది.

బండి నడుపుతూ వాచీ వైపు చూడకండి, మాట్లాడకండి. చెయ్యి వణికితే వణకనివ్వండి. మణికట్టు తిప్పి పేరు చదివే రెండు సెకన్లలో ఔటర్ రింగ్ రోడ్డు మీద ఏమైనా జరగొచ్చు.

అడుగులు సరిగ్గా లెక్కపెడుతుందా?

అది లెక్కపెట్టేది కాళ్లను కాదు, చేతి ఊపును. లోపల మూడు దిక్కుల కదలికనూ పసిగట్టే యాక్సిలరోమీటర్ ఉంటుంది. ఊపు ఒక తాళంలో వస్తే నడక అనుకుంటుంది. అందుకే మారతహళ్లి నుంచి సర్జాపుర రోడ్డు దాకా గుంతల్లో బండి మీద వెళ్తే నడవకుండానే కొన్ని వందల అడుగులు పడతాయి. రెండు చేతులా కూరగాయల సంచులు పట్టుకుని నడిచినా, సూపర్‌మార్కెట్‌లో ట్రాలీ తోసినా, చెయ్యి ఊగదు కాబట్టి అడుగులు తగ్గుతాయి. నిన్నటికంటే ఇవాళ ఎక్కువ నడిచామా లేదా తెలుసుకోవడానికి ఈ లెక్క సరిపోతుంది. పక్కింటాయన వాచీతో పోటీకి పనికిరాదు.

రోజూ పదివేల అడుగులు వేయాల్సిందేనా?

ఆ అంకె డాక్టర్ల దగ్గర పుట్టింది కాదు. 1964 టోక్యో ఒలింపిక్స్ తర్వాత, 1965లో జపాన్‌లో ‘మాన్‌పో-కే’ అనే అడుగుల మీటరు అమ్మకానికొచ్చింది. ఆ పేరుకి అర్థమే పదివేల అడుగుల మీటరని. అప్పటినుంచి ఆ అంకె నిలిచిపోయింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో పెద్దవాళ్లకు చెప్పింది వారానికి 150 నుంచి 300 నిమిషాలు, ఒక మోస్తరు శ్రమతో కదలమని. రోజుకి అరగంట చురుగ్గా నడిస్తే ఐదు రోజుల్లో 150 నిమిషాలు పూర్తవుతాయి. వాచీలో లక్ష్యం ఆరువేలు పెట్టుకుని రోజూ చేరుకోవడం, పదివేలు పెట్టుకుని రోజూ నిరాశపడటం కంటే మేలు. నేను అలాగే మొదలుపెట్టాను. మా ఆఫీసు క్యాంటీన్‌కి లిఫ్ట్ మానేసి, భోజనం తర్వాత క్యాంపస్ చుట్టూ రెండు రౌండ్లు తిరగడం ఈ వాచీ వల్లే అలవాటైంది.

గుండె వేగం నమ్మొచ్చా?

వెనక మెరిసే పచ్చలైటు చూశారు కదా. రక్తం పచ్చ వెలుతురును బాగా పీల్చుకుంటుంది. గుండె కొట్టినప్పుడల్లా మణికట్టులోకి రక్తం ఎక్కువొచ్చి, వెనక్కి తిరిగొచ్చే వెలుతురు తగ్గుతుంది. ఆ హెచ్చుతగ్గులు లెక్కపెట్టి నిమిషానికి ఎన్నో చెబుతుంది. కదలకుండా కూర్చుంటే ఈ పద్ధతి బాగా పనిచేస్తుంది. పరిగెత్తేటప్పుడు, బరువులెత్తేటప్పుడు తప్పులు ఎక్కువ. స్ట్రాపు వదులైనా, చలికి చేతులు చల్లబడ్డా (డిసెంబరులో ఉదయం ఆరింటికి కబ్బన్ పార్కులో నడిచేవాళ్లకు తెలుసు), మణికట్టు మీద నల్లటి పచ్చబొట్టున్నా కూడా అంతే. మణికట్టు ఎముకకి ఒక వేలెడు పైకి, జారకుండా కట్టుకోండి.

పెద్దవాళ్లకు కూర్చున్నప్పుడు నిమిషానికి 60 నుంచి 100 దాకా మామూలు. ఒక్కసారి 130 చూపిస్తే కంగారుపడక, మెడ పక్కనో మణికట్టు దగ్గరో వేళ్లు పెట్టి అర నిమిషం లెక్కపెట్టి రెట్టింపు చేయండి. వేళ్ల లెక్కలోనూ అలాగే ఎక్కువ వస్తుంటే డాక్టరుకి చూపించండి. ఛాతీలో నొక్కినట్టుండి, చెమటలు పట్టి, ఎడమచెయ్యి లాగుతుంటే మాత్రం వాచీ 72 అని చూపించినా సరే, 108కి ఫోన్ చేయండి. ఈసీజీ తీయాల్సింది ఆసుపత్రిలో.

బీపీ, షుగరు కూడా చూపిస్తుందంటున్నారు. నిజమేనా?

దీనికి మా ఇంట్లో జరిగింది చెప్పాలి. నాన్నకు పదేళ్లుగా బీపీ ఉంది. ఆయనకు కొనిచ్చిన వాచీలో బీపీ అని ఒక బొమ్మ ఉండేది. రోజూ పొద్దున్నే కాఫీ తాగుతూ అది నొక్కితే 120/78, 122/80, ఇలా ముచ్చటైన అంకెలు వచ్చేవి. సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు మాత్రల డబ్బా చూస్తే వారం రోజులుగా సగం బిళ్లే వేసుకుంటున్నారని తెలిసింది. ‘దీంట్లో బాగానే ఉంది కదరా’ అన్నారు. చేతికి పట్టీ చుట్టే బీపీ మిషన్ తెచ్చి చూస్తే 158/96.

ఆయన నమ్మలేదు. వంటింట్లో సొరకాయ ఉంటే తెచ్చి, వాచీ దాని మెడకి గట్టిగా కట్టి బీపీ నొక్కాను. పచ్చలైటు మెరిసింది, అర నిమిషం తిరిగింది, 118/76 అని వచ్చింది. గుండె వేగం 74. నాన్న సొరకాయ వైపు, వాచీ వైపు చూసి, ఏమీ అనకుండా లోపలికెళ్లి మిగతా సగం బిళ్ల వేసుకున్నారు. మర్నాడు డాక్టరు దగ్గరికి వెళ్లొచ్చాం. ఇప్పుడు బీపీ మిషన్ ఆయన టీవీ పక్కనే ఉంటుంది.

కారణం ఇదీ. మిషను పట్టీతో రక్తనాళాన్ని నొక్కి, రక్తం ఆగి మళ్లీ పారే చోట ఒత్తిడిని నిజంగా కొలుస్తుంది. చవక వాచీలో ఆ పట్టీ లేదు. ఉన్న పచ్చలైటుతోనే, మీరు యాప్‌లో నింపిన వయసు, బరువు చూసుకుని ఒక అంచనా వేస్తుంది. మామూలు మనిషికి ఉండాల్సిన అంకెకు దగ్గరగా చెబితే ఎవరూ అనుమానించరు.

షుగరు సంగతి ఇంకా సూటిగా ఉంది. సూది గుచ్చకుండా తమంతట తాము షుగరు కొలుస్తామనే స్మార్ట్ వాచీలు, ఉంగరాలు వాడొద్దని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2024 ఫిబ్రవరిలో హెచ్చరించింది. అలాంటి ఒక్కదానికి కూడా తాము అనుమతివ్వలేదని చెప్పింది. ఇన్సులిన్ వేసుకునేవాళ్లు తప్పు అంకెను నమ్మి మోతాదు మారిస్తే ప్రాణం మీదికొస్తుంది. మీ ఇంట్లో షుగరున్న పెద్దవాళ్ల వాచీలో ఆ బొమ్మ ఉంటే ఇవాళే తీసేయండి.

ఆక్సిజన్ లెవెల్?

ఎర్రలైటు, ఇన్‌ఫ్రారెడ్ వెలుతురుతో చూసేది అది. వేలికి పెట్టే ఆక్సిమీటరుకున్న నమ్మకం దీనికివ్వకండి.

నిద్ర లెక్క ఎంతవరకు నిజం?

ఎన్నింటికి పడుకున్నారు, ఎన్నింటికి లేచారు, ఇది దాదాపు సరిపోతుంది. గాఢ నిద్ర ఇంత, కలల నిద్ర ఇంత అని రంగురంగులుగా చూపించేదాన్ని పట్టుకుని మనసు పాడుచేసుకోకండి. నిద్ర దశలను అసలు కొలిచేది తలకు తీగలు పెట్టి మెదడు తరంగాలు చూసే పరీక్ష. మంచం మీద కదలకుండా ఫోన్ చూస్తున్నా నిద్రే అని రాసుకునే వాచీలున్నాయి.

నైట్ షిఫ్టు చేసేవాళ్లకొక మాట. అమెరికా టైముకి పనిచేసి పగలు పడుకునేవాళ్లు బెంగళూరులో చాలామంది. చాలా చవక వాచీలు రాత్రి నిద్రనే నిద్రగా లెక్కేస్తాయి, పగటిది పట్టించుకోవు. మీరు సరిగ్గా పడుకున్నా అది సున్నా చూపిస్తే దిగులుపడొద్దు.

పెట్టె మీద పది రోజులని ఉంది, నాకు మూడు రోజులే వస్తోంది?

ఆ పది రోజులు బ్లూటూత్ కాలింగ్ లేకుండా, వెలుతురు తగ్గించి చూసిన లెక్క. కాలింగ్ ఎప్పుడూ ఆన్‌లో ఉంటే మూడు రోజులు మామూలే. నేను కాలింగ్ అవసరమైనప్పుడే ఆన్ చేస్తాను, స్క్రీన్ ఎప్పుడూ వెలిగే సెట్టింగు ఆపేశాను, గుండె వేగం పది నిమిషాలకోసారి చూడమన్నాను. ఐదారు రోజులు వస్తోంది. నల్లటి వాచ్‌ఫేస్ పెట్టుకోవడం అమోలెడ్‌లోనే కలిసొస్తుంది.

ఛార్జింగ్ ఎక్కడం లేదు. ఏం చేయాలి?

ముందు వెనక ఉన్న రెండు బుడిపెల్ని వెలుతురులో చూడండి. చెమట ఉప్పు ఎండి తెల్లగానో పచ్చగానో పొర కట్టి ఉంటుంది. నా మొదటి వాచీ పోయింది దీనివల్లే, నాకప్పుడు తెలియదు. పొడి టూత్‌బ్రష్‌తో మెల్లగా రుద్ది, దూదికి కొంచెం స్పిరిట్ అద్ది తుడవండి. కేబులు వైపు పిన్నులు కూడా తుడవండి. వాచీ తడిగా ఉన్నప్పుడు ఛార్జింగ్ పెట్టొద్దు, తడి మీదుగా కరెంటు పారితే ఆ బుడిపెలు ఇంకా త్వరగా తినేసుకుపోతాయి. అడాప్టరు 5 వోల్టుల మామూలుది చాలు, నేను లాప్‌టాప్‌కే గుచ్చుతాను. ఒక కేబులు అదనంగా కొనిపెట్టుకోండి, మోడల్ పాతబడితే అది దొరకదు.

వానలో తడవొచ్చా? స్నానానికి, ఈతకు?

ఐపీ68 అంటే దుమ్ము దూరదు, కంపెనీ చెప్పిన లోతులో, చెప్పినంతసేపు మంచినీళ్లలో ఉన్నా తట్టుకుంటుందని. బెంగళూరు సాయంత్రం వానకు భయం లేదు. వేడినీళ్ల స్నానం వేరు. ఆవిరికీ సబ్బుకీ లోపలి రబ్బరు సీలు మెల్లగా వదులవుతుంది. ఈత కొట్టాలంటే 5ఏటీఎం (నీటి ఒత్తిడిని ఎంత తట్టుకుంటుందో చెప్పే కొలత) అని రాసున్నదే కొనండి. నీటి చుక్కలు పడితే స్క్రీన్ తనంతట తాను నొక్కుకుంటుంది, పొరపాటున ఎవరికో కాల్ వెళ్లకుండా వానలో టచ్ లాక్ చేయండి.

చేతి మీద దద్దుర్లు వచ్చాయి. వాచీ పడలేదా?

చాలాసార్లు వాచీ కాదు, స్ట్రాపు కింద నిలిచిపోయిన చెమట, సబ్బు. రాత్రి తీసేసి, స్ట్రాపు నీళ్లతో కడిగి, ఆరాక కట్టుకోండి. మానేదాకా రెండో చేతికి మార్చండి, లేదా గుడ్డ స్ట్రాపు వేయించుకోండి. వారంలో తగ్గకపోతే చర్మం డాక్టరుకి చూపించాలి.

గాజులు వేసుకునే చేతికి కట్టొచ్చా?

వద్దు. గాజులు వాచీని కిందికి నెడతాయి, లైటు చర్మానికి ఆనదు, స్క్రీన్ మీద గీతలు పడతాయి. మా చెల్లి కుడిచేతికి రెండు గాజులు వేసి ఎడమచేతికి వాచీ కడుతుంది. ఏ చేతికి కట్టారో యాప్‌లో చెప్పడం మరిచిపోకండి.

ఊళ్లో అమ్మానాన్నలకు కొనివ్వొచ్చా?

ఇవ్వండి, కానీ పెట్టె చేతిలో పెట్టి రైలెక్కొద్దు. ఒక పూట వాళ్ల పక్కన కూర్చోండి. పెద్ద అంకెలున్న వాచ్‌ఫేస్ పెట్టండి. బీపీ, షుగరు, ఒత్తిడి బొమ్మలు మొదటి పేజీల్లోంచి తీసేయండి. మాత్రల టైముకి చేతి మీద వణికే అలారం పెట్టండి, మా నాన్నకు వాచీ వల్ల కలిగిన అసలు లాభం ఇదే. ‘ఫోన్ ఎక్కడ’ అనే బటన్ చూపించండి. మా అమ్మ దాంతోనే దిండు కింద పెట్టి మరిచిపోయిన ఫోన్ వెతుక్కుంటుంది.

పడిపోతే తనంతట తాను మనకు ఫోన్ చేస్తుందనే నమ్మకంతో మాత్రం ఈ ధర వాచీ కొనకండి. ఒంటరిగా ఉండే పెద్దవాళ్లకు పొద్దునా సాయంత్రం మీరు చేసే ఫోన్, పక్కింటివాళ్ల దగ్గర ఒక తాళంచెవి, ఇవే ఆసరా.

బ్యాంకు ఓటీపీలు చేతి మీద కనిపిస్తున్నాయి, ప్రమాదమా?

మెట్రోలో కడ్డీ పట్టుకుని నిలబడితే మీ మణికట్టు పక్కవాళ్ల కళ్లముందే ఉంటుంది. మెసేజ్‌ల యాప్‌ని వాచీకి ఆపేయండి. యాప్ అడిగిన ప్రతి అనుమతీ ఇవ్వక్కర్లేదు కూడా. కాల్ చేసినవాళ్ల పేరు కనబడాలంటే కాంటాక్ట్స్ కావాలి సరే, ఫోటోలతో దానికేం పని?

పరీక్ష హాలుకి?

నీట్‌లో ఏ రకం చేతి వాచీనీ లోపలికి రానివ్వరు. ఇంట్లోనే వదిలి వెళ్లమని పిల్లలకు చెప్పండి.

వారంటీలో పాడైతే సర్వీస్ సెంటరు తిప్పుతోంది. ఏం చేయాలి?

బిల్లు కొన్నరోజే ఫోటో తీసి పెట్టుకోండి, థర్మల్ కాగితం మీద అక్షరాలు కొన్ని నెలల్లో చెరిగిపోతాయి. ఫిర్యాదు ఈమెయిల్‌లోనో యాప్‌లోనో పెట్టి నంబరు తీసుకోండి. జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి చేయండి. నా మొదటి వాచీకి మూడు వారాలు తిప్పి, అక్కడ ఫిర్యాదు చేశాక వారంలో మార్చిచ్చారు. అప్పటికీ తేలకపోతే, 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు నివసించే చోటి కమిషన్‌లోనే కేసు వేయొచ్చు. కంపెనీ ఆఫీసు ఏ ఊళ్లో ఉన్నా సరే.

ఎన్నాళ్లు వస్తుంది? పాతదాన్ని ఏం చేయాలి?

రెండు మూడేళ్లు. బ్యాటరీ లోపల అతికించి ఉంటుంది, మార్పించే ఖర్చుకి ఇంకొంచెం వేస్తే కొత్తదే వస్తుంది. పాతదాన్ని మాత్రం ఇంటి చెత్తలో వేయకండి. అందులోది లిథియం బ్యాటరీ, చెత్త లారీలో నలిగితే అంటుకుంటుంది, దాన్ని చేతులతో వేరుచేసే మనిషికి కాలుతుంది. మా అపార్ట్‌మెంటులో ఈ-వేస్ట్ కోసం వేరే డబ్బా పెట్టించాం, మూడు నెలలకోసారి వచ్చి తీసుకెళ్తారు. మీ దగ్గర లేకపోతే ఈ-వేస్ట్ తీసుకునే ఎలక్ట్రానిక్స్ షాపులో ఇవ్వండి, ఇచ్చేముందు ఫోన్ నుంచి అన్‌పెయిర్ చేసి, వాచీలో రీసెట్ నొక్కడం మరిచిపోకండి.